మీ ప్రశ్న – మా జవాబు: సర్దికి ఎదకు రాసే బామ్, ఇంట్లో చేసుకుంటే

బతుకమ్మ పండుగ దాటిందంటే మాకు వచ్చే ఉత్తరాల్లో సగం సర్ది, దగ్గు గురించే ఉంటాయి. ఈసారి నల్లగొండ, పాలమూరు వైపు నుంచి బామ్ తయారీ మీద ప్రశ్నలు కుప్పగా వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ఇంట్లోనే బామ్ చేసుకోవాలనుంది. ఫోన్‌లో చూసే వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కో కొలత చెబుతున్నారు. ఒకాయన "గుప్పెడు కర్పూరం" అన్నాడు. గ్రాముల్లో లెక్క చెప్పండి.
— పాఠకురాలు, మిర్యాలగూడ

గుప్పెడు అన్న మాట విన్నప్పుడే ఆ వీడియో ఆపేసి ఉంటే మంచిదమ్మా. బామ్‌లో మిగతావన్నీ అటూ ఇటూ అయినా పోయేదేం లేదు, కర్పూరం మాత్రం తూచే వేయాలి. ఒంటికి రాసే మందుల్లో కర్పూరం 11 శాతం దాటకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పరిమితి పెట్టింది. ఇంటి బామ్‌కు 3 శాతం చాలు. 0.1 గ్రాము వరకు చూపించే చిన్న డిజిటల్ తూకం లేకపోతే ఈ పని మొదలుపెట్టొద్దు. స్పూన్ల లెక్క ఇక్కడ పనికిరాదు.

100 గ్రాముల బామ్‌కు, అంటే 25 గ్రాముల డబ్బాలు నాలుగింటికి: మూలికలు కాచిన నూనె 78 గ్రాములు, తేనె మైనం 15, కర్పూరం 3, పుదీనా పువ్వు 2, నీలగిరి తైలం 2. పుదీనా పువ్వు అంటే సూదుల్లా మెరిసే మెంథాల్ పలుకులు. ఆయుర్వేద మూలికల దుకాణంలో ఆ పేరుతోనే అడగండి. నీలగిరి తైలం 2 గ్రాములంటే సుమారు 2.2 మిల్లీలీటర్లు. సూది తీసేసిన సిరంజితో కొలిస్తే సులువు.

ముందు నూనె. సగం కొబ్బరి నూనె, సగం నువ్వుల నూనె కలిపి 100 గ్రాములు తీసుకోండి. వడకట్టేటప్పుడు పిప్పి కొంత పీల్చుకుంటుంది కాబట్టి 78 కావాలంటే 100తో మొదలుపెట్టాలి. ఒక్క కొబ్బరి నూనే వేస్తే అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. డిసెంబరు రాత్రుల్లో బామ్ రాయిలా తయారై వేలికి రాదు. నువ్వుల నూనె ఆ బిగువును తగ్గిస్తుంది. మన దగ్గర ఆముదం బాగా పండుతుంది కదా, అది వేయొచ్చా అని కొందరు అడిగారు. పది గ్రాముల వరకు వేయొచ్చు, చర్మానికి బాగా పట్టుకుంటుంది. అంతకు మించితే రవికెకూ దుప్పటికీ జిగురు అంటుతుంది. పల్లి నూనె వద్దు. పల్లి పడనివాళ్లు ఇంట్లో ఉంటే దద్దుర్లు రావచ్చు.

నూనెలోకి నీడలో గలగలలాడేలా ఎండిన తులసి ఆకు 5 గ్రాములు, కచ్చాపచ్చాగా దంచిన వాము 10 గ్రాములు వేయండి. పెద్ద గిన్నెలో నీళ్లు మరగనిచ్చి, అందులో నూనె గిన్నె పెట్టి, సన్నని మంట మీద రెండు గంటలు ఉంచండి. నూనె చిటపటలాడకూడదు, ఆకు నల్లబడకూడదు. పలచని నూలు గుడ్డలో వడగట్టి రాత్రంతా కదపకుండా ఉంచి, అడుగున దిగిన మడ్డి వదిలేసి పైనూనె మాత్రం తీసుకోండి. ఒక మాట దాచకుండా చెప్పాలి: ఈ మూలికలు ఇచ్చేది కొద్దిపాటి వాసన. బామ్‌లో పని చేసేది ముఖ్యంగా ఆ చివరి మూడే. తీరిక లేకపోతే ఈ మెట్టు మానేసి ఉత్త నూనెతో చేసినా బామ్ బామే.

ఇక కలపడం. కర్పూరాన్ని పొడి చేసి, పుదీనా పువ్వుతో కలిపి చిన్న గాజు సీసాలో వేసి మూత బిగించండి. రెండూ గట్టి పదార్థాలే అయినా ఒకదానికొకటి తగలగానే కరగడం మొదలవుతుంది. అప్పుడప్పుడు ఊపుతుంటే అరగంటలో నూనెలా అవుతాయి. వాము పువ్వు కూడా కలిపి అమృతధార చేసే ఇళ్లలో ఈ సంగతి తెలిసిందే. ఆ నీరులాంటి దాంట్లో నీలగిరి తైలం పోసి మళ్లీ మూత పెట్టండి.

నీళ్ల గిన్నెలోనే నూనె, తురిమిన మైనం కలిపి వేడిచేయండి. తేనె మైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది. పూర్తిగా కరిగాక స్టవ్ ఆపి, గిన్నె బయటికి తీసి, అడుగు తుడవండి. గిన్నె అంచున తెల్లని పొర కట్టడం మొదలైనప్పుడు, అంటే దాదాపు 50–55 డిగ్రీల దగ్గర, సీసాలోది పోసి పది సెకన్లు కలిపి వెంటనే డబ్బాల్లోకి వంచండి. కర్పూరం ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. అందుకే పొయ్యి వెలుగుతున్న గదిలో ఈ చివరి పని చేయొద్దు. ఒకవేళ అంటుకుంటే పళ్లెం బోర్లించి మూయాలి, నీళ్లు పోయకూడదు.

గాజు సీసా గానీ అల్యూమినియం డబ్బా గానీ వాడండి. పలచని ప్లాస్టిక్ డబ్బాలను ఈ తైలాలు మెత్తబరుస్తాయి. తయారైన తేదీ, "కర్పూరం ఉంది, మింగకూడదు" అన్న మాట డబ్బా మీద రాసి అంటించండి. ఆరు నెలలు దాటితే పారేయండి.

కర్పూరం ఏది కొనాలి? దేవుడి దగ్గర వెలిగించే బిళ్లలు వాడొచ్చా?
— పాఠకుడు, వనపర్తి

వద్దు. హారతి బిళ్లలు టర్పెంటైన్ నుంచి తయారైన కర్పూరమే, కానీ అవి వెలిగించడానికి చేసినవి. బిళ్ల కట్టడానికి ఏం కలిపారో, ఎంత శుద్ధి చేశారో డబ్బా మీద ఉండదు. మందుల షాపులో ఐ.పి. (ఇండియన్ ఫార్మకోపియా, అంటే మన దేశ మందుల ప్రమాణం) అని రాసి ఉన్న కర్పూరం అడగండి. ప్రసాదంలో వేసే పచ్చకర్పూరం దీనికి అక్కర్లేదు, డబ్బు దండగ. ఇక తెల్లగా ఉన్నాయి కదా అని కలరా ఉండలను కర్పూరం అనుకోకండి. అవి నాఫ్తలీన్, పూర్తిగా వేరే పదార్థం. జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న పసివాళ్లకు ఆ వాసన పట్టిన బట్టలు తొడిగినా ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు రావచ్చు.

మూడుసార్లు చేశాను. మొదటిసారి ఎండకు నీరైంది. రెండోసారి వాసనే లేదు. మూడోసారి పచ్చి వామాకు వేస్తే పది రోజులకు పైన బూజు పట్టింది. ఎక్కడ తప్పుతున్నాను?
— పాఠకురాలు, నారాయణపేట

మూడూ వేర్వేరు తప్పులు.

నీరవడం: మార్చి దాటాక చేసేటప్పుడు మైనం 20 గ్రాములకు పెంచి, నూనె 73కు తగ్గించండి. కర్పూరం, పుదీనా పువ్వు కలిసి మైనాన్ని కూడా కొంత మెత్తబరుస్తాయి. అందుకే ఉత్త నూనె, మైనంతో చేసే పెదవుల బామ్ కొలత ఇక్కడ సరిపోదు. డబ్బాల్లో పోసే ముందు ఒక స్టీలు చెంచాను కాసేపు ఫ్రీజర్‌లో ఉంచి, దాని మీద రెండు చుక్కలు వేసి చూడండి. నిమిషంలో గట్టిపడి, వేలితో నొక్కితే వెన్నలా జారితే కుదిరినట్టు. బిగువు ఎక్కువైతే కాస్త నూనె, తక్కువైతే గ్రాము మైనం వేసి మళ్లీ కరిగించండి. ఈ పరీక్ష కర్పూరం కలపకముందే చేయాలి. తర్వాత మళ్లీ వేడిచేస్తే వాసన పోతుంది.

వాసన లేకపోవడం: మరుగుతున్న నూనెలో కర్పూరం వేశారు. మూత తీసి ఉంచితే మామూలు వేడికే ఆవిరై పోయే వస్తువది, పొయ్యి మీద ఉంటుందా? అది బామ్‌లోకి కాకుండా మీ ముక్కులోకీ కళ్లలోకీ పోయి ఉంటుంది.

బూజు: వామాకు దళసరి ఆకు, చిదిమితే నీరు కారుతుంది. ఆ నీరే బూజుకు తిండి. బామ్‌లో నీటి చుక్క పడకూడదు. మూత లోపలి ఆవిరి చుక్క అయినా, కడిగి సరిగా ఆరని డబ్బా అయినా అంతే. వామాకు బాగుంటుంది కానీ ఎండబెడితే సగం వాసన ఎగిరిపోతుంది. దాన్ని బజ్జీలకే ఉంచుకోండి. ఉన్న డబ్బా పారేయండి. పైన బూజు గీకి వాడదామనుకోవద్దు.

అడగకపోయినా ఇంకో రెండు. పైన గుంట పడుతుంటే ఒకేసారి నిండా పోయకుండా ముప్పావు పోసి, గట్టిపడ్డాక మిగిలింది పోయండి. మూత లోపల మంచులా తెల్లని పలుకులు కనిపిస్తే అది కర్పూరం ఆవిరై మళ్లీ గడ్డకట్టడమే, చెడిపోవడం కాదు. కానీ పలుకులు బామ్ పైన కూడా తేలుతుంటే కర్పూరం ఎక్కువైందని అర్థం. ఆ డబ్బా వాడకండి.

మన్ననూరు వైపు తేనె అమ్మేవాళ్ల దగ్గర మైనం కొన్నాను. అసలుదో కాదో ఎలా తెలుసుకోవాలి?
— పాఠకుడు, అచ్చంపేట

కొవ్వొత్తి మైనం కలిపారేమోనన్నది మీ అనుమానం. బఠాణీ గింజంత ముక్కను బొటనవేలితో నలపండి. తేనె మైనం మెల్లగా మెత్తబడి వేలికి అంటుకుంటుంది, తేనె వాసన వస్తుంది. కొవ్వొత్తి మైనం జారుతూ, పొరలుగా విరుగుతుంది. రంగు చూసి మోసపోవద్దు. నల్లమల చెంచులు తెచ్చే పెద్ద తేనెటీగ మైనం ముదురు పసుపు నుంచి గోధుమ రంగు వరకు ఉంటుంది. పాలలా తెల్లగా ఉందంటే శుద్ధి చేసిందైనా అయ్యుండాలి, కల్తీ అయినా అయ్యుండాలి. అడవి మైనాన్ని ఒకసారి నీళ్లలో కరిగించి చల్లార్చితే మట్టి, పురుగు ముక్కలు అడుగున దిగుతాయి. పైన తేలిన బిళ్లను రెండు రోజులు గాలికి ఆరబెట్టి వాడండి.

మా బాబుకు అయిదో నెల. ముక్కు దిబ్బడతో పాలు తాగడం లేదు. కర్పూరం నూనె ఎదకు రాయమని మా అత్తమ్మ, రెండు చుక్కల ఆముదం ముక్కులో వేయమని పక్కింటావిడ అంటున్నారు.
— పాఠకురాలు, నకిరేకల్

రెండూ వద్దమ్మా. ఈ జవాబు మీ అత్తమ్మకు కూడా చదివి వినిపించండి.

రెండేళ్ల లోపు పిల్లలకు కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి ఉన్నదేదీ రాయకూడదు. బజారులో దొరికే బామ్‌ల మీద కూడా రెండేళ్లు దాటినవాళ్లకే అని ఉంటుంది. ఇంటి బామ్‌కు మేం ఇంకా కఠినంగా ఆరేళ్లు అంటాం. ఎందుకంటే ఇంటి తూకంలో తేడా పట్టుకునేవాళ్లు ఎవరూ ఉండరు. ఘాటైన పుదీనా పువ్వు పసిబిడ్డ ముక్కు దగ్గరికి వస్తే గొంతు బిగుసుకుని ఊపిరి ఆగే ప్రమాదముంది. కర్పూరం చర్మం నుంచీ లోపలికి పోతుంది, నోట్లోకి పోతే ఇంకా ప్రమాదం. చిన్నపిల్లలకు ఒక గ్రాము కూడా ప్రాణాంతకం కావచ్చు. మింగిన కొద్ది నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. అలా జరిగితే వాంతి చేయించకుండా 108కి ఫోన్ చేసి, ఆ డబ్బా కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పాలిచ్చే తల్లి కూడా బామ్ ఎదకు రాసుకోకూడదు. బిడ్డ ముఖం ఉండేది అక్కడే. అంతగా కావాలంటే వీపుకు రాసుకుని చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ముక్కులో ఆముదం, నెయ్యి, ఏ నూనె వేసినా అది ఊపిరితిత్తుల్లోకి జారి నిమ్ము తేవచ్చు. నూనె అక్కడి నుంచి తొందరగా పోదు. సాంబ్రాణి పొగ కూడా పొగే. దిబ్బడ వేసిన ముక్కుకు అది ఇంకా మంట.

చేయాల్సింది ఇది. మందుల షాపులో ఉప్పునీటి ముక్కు చుక్కలు (సెలైన్) దొరుకుతాయి. పాలు పట్టే పది నిమిషాల ముందు ఒక్కో ముక్కులో ఒకటి రెండు చుక్కలు వేసి, కరిగి వచ్చిన చీమిడిని మెత్తని గుడ్డతో తుడవండి. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పాలివ్వండి. వాము వేయించి గుడ్డలో మూట కట్టి, బిడ్డకు తగలకుండా పక్కన పెట్టడం వరకు అభ్యంతరం లేదు. ఒంటికి అద్దితే మాత్రం కాలుతుంది. తేనె నాకించొద్దు, ఏడాది నిండేదాకా తేనె కూడదు.

బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40, లేదా అంతకు మించి ఉంటే, డొక్కలు లోపలికి గుంజుకుంటుంటే, పాలు పూర్తిగా మానేస్తే అది వట్టి సర్ది కాదు. రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి. మీ బాబు "పాలు తాగడం లేదు" అని రాశారు. తక్కువ తాగడమా, అసలే తాగకపోవడమా? అసలే తాగకపోతే ఈ పత్రిక పక్కన పెట్టి బయల్దేరండి.

బామ్ రాస్తే నిజంగా ముక్కు తెరుచుకుంటుందా, లేక మన భ్రమా?
— పాఠకుడు, సూర్యాపేట

రెంటి మధ్యలో ఉంటుంది. పుదీనా పువ్వు ముక్కు లోపలి వాపును తగ్గించదు. చల్లదనాన్ని పసిగట్టే నరాల గ్రాహకాన్ని (టీఆర్‌పీఎమ్8 అంటారు) తట్టి లేపుతుంది. దాంతో చల్లగాలి ధారాళంగా పోతున్నట్టు మెదడుకు అనిపిస్తుంది. ముక్కులో గాలి కొలిచి చూస్తే పెద్ద తేడా ఉండదు. కానీ నిద్ర పట్టడానికి ఆ అనిపించడమే చాలు. 2010లో అమెరికాలో 2 నుంచి 11 ఏళ్ల పిల్లల మీద జరిగిన అధ్యయనంలో బామ్ రాసిన పిల్లలకు ఆ రాత్రి దగ్గు తగ్గి నిద్ర మెరుగైంది. కొందరికి చర్మం మండింది కూడా. సర్ది మాత్రం దాని రోజులు అది తీసుకునే పోతుంది.

మన తెలుగువాళ్లకు బామ్ కొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టింది 1893లో. ఆ డబ్బుతోనే ఆంధ్రపత్రిక నడిచింది.

రాసేటప్పుడు పెద్దవాళ్లకు రెండు వేళ్ల కొసలకు వచ్చినంత, అంటే సుమారు గ్రాము, ఎద మీద, గొంతు కింద, వీపు మీద. రోజుకు మూడుసార్లు మించొద్దు. ముక్కు కింద, కంటి దగ్గర, గాయాల మీద రాయొద్దు. మొదటిసారి మోచేతి లోపలి వైపు చుక్క రాసి ఒక రోజు చూడండి. రాసిన చోట వేడి కాపడం, బిగుతు కట్టు పెట్టకండి. చర్మం పీల్చుకునే మోతాదు పెరుగుతుంది, బొబ్బలూ వస్తాయి. గర్భిణులు డాక్టరును అడగకుండా వాడొద్దు.

పొలం గట్టున నీలగిరి చెట్లున్నాయి. ఆ ఆకు నూనెలో కాచితే తైలం కొనక్కర్లేదు కదా? ఆవిరి పట్టే నీళ్లలో ఇంటి బామ్ వేసుకోవచ్చా?
— పాఠకుడు, కొల్లాపూర్

మన దగ్గర జామాయిల్ అని పెంచేది ఎక్కువగా కాగితం గుజ్జు కోసం వేసిన రకం. ఆకులో తైలం ఎంత, అందులో పని చేసే సినియోల్ ఎంత అన్నది చెట్టు చెట్టుకూ మారుతుంది. నూనెలో కాస్తే ఎంత దిగిందో కొలిచే దారి లేదు. సీసా తైలం చిన్నది కొంటే ఏడాది వస్తుంది. దాన్ని కూడా కర్పూరం లాగే పిల్లలకు అందకుండా తాళంలో పెట్టండి, మింగితే విషం.

ఆవిరి నీళ్లలో బామ్ వేయొద్దు. నూనె, మైనం నీళ్లలో కలవవు, పైన తేలి చిందితే ముఖానికి అంటుకుని కాలుస్తాయి. కర్పూరం ఒక్కసారిగా లేచి కళ్లు మండిస్తుంది. ఉత్త నీళ్లు, లేదంటే గుప్పెడు వావిలాకు వేసిన నీళ్లు చాలు. గిన్నెను పొయ్యి మీది నుంచి దించి, బల్ల మీద కదలకుండా పెట్టాకే దుప్పటి కప్పుకోండి. పిల్లలకు ఆవిరి పట్టడమే వద్దు. వాళ్లు ఒక్కసారి కాలు విదిల్చితే మరిగే నీళ్లు ఒళ్లో పడతాయి.

మా నాయనకు అరవై దాటాయి. మూడు వారాలుగా దగ్గు, కాస్త దమ్ము. ఏ బామ్ మంచిది?
— పాఠకురాలు, దేవరకొండ

ఏదీ కాదు. రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు గల్ల పరీక్ష చేయించాలి. క్షయ పరీక్ష, మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. దమ్ము ఉన్నవాళ్లలో కొందరికి కర్పూరం ఘాటే ఆయాసాన్ని పెంచుతుంది. ఇప్పటికే రాస్తుంటే ఆపండి. ఈ వారమే తీసుకెళ్లండి.

మా మహిళా సంఘంలో పది మందిమి కలిసి బామ్ చేసి సంతలో అమ్ముదామనుకుంటున్నాం. పచ్చళ్లకు తీసుకున్న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు సరిపోతుందా?
— పాఠకురాళ్లు, చౌటుప్పల్

సరిపోదు. ఆ నంబరు తినేవాటికి. డబ్బా మీద "సర్దికి" అని ఒక్క మాట రాసినా అది మందు కింద లెక్క. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం ఆయుర్వేద మందు తయారుచేసి అమ్మాలంటే రాష్ట్ర ఆయుష్ లైసెన్సింగ్ అధికారి నుంచి ఫారం 25-డి లైసెన్సు కావాలి. ఆ చట్టం నియమాల్లోని షెడ్యూల్ టి ప్రకారం విడి గదులు, శుభ్రత, అర్హతలున్న నిపుణులు, ప్రతి విడతకూ రికార్డు ఉండాలి. ఇంటి వంటగదిలో ఇది కుదరదు. "సర్ది" మాట తీసేసి ఒంటికి రాసుకునే సుగంధ లేపనం అని అమ్ముదామన్నా, దానికి కాస్మెటిక్ లైసెన్సు వేరే ఉంది.

మీకు దగ్గరి దారి ఒకటుంది. లైసెన్సున్న తయారీదారు కర్మాగారంలో మీ సరుకు చేయించుకునే ఏర్పాటుకు లోన్ లైసెన్సు, ఫారం 25-ఇ ఇస్తారు. పెట్టుబడి పెట్టే ముందు ఆ ఖర్చు, నెలకు ఎన్ని డబ్బాలు పోతాయన్న అంచనా కాగితం మీద వేసుకోండి. అది గిట్టకపోతే నీడలో ఎండబెట్టిన తులసి ఆకును, శుభ్రం చేసిన తేనె మైనాన్ని లైసెన్సున్న తయారీదారులకే ముడిసరుకుగా అమ్మే బేరం అడిగి చూడండి. తులసి ఆకును రంగు మారకుండా, తేమ లేకుండా ఇవ్వగలిగితే చాలు. ఎండిందో లేదో చూడటానికి గుప్పెడు ఆకు గాజు సీసాలో వేసి మూత పెట్టి ఒక రాత్రి ఉంచండి. తెల్లారేసరికి లోపల చెమ్మ పట్టకపోతే సంచీలకెత్తొచ్చు.